పట్టా ఎవరి పేర

"మాది బోధన్" అన్నాను. అల్లుడు ఇంకా ఇంగ్లీషులో చెప్పనేలేదు, ఆ పెద్దావిడ నా వైపు తిరిగి "భూదాన్?" అంది. మళ్ళీ తనే "వినోబా?" అంది.

2019 జులైలో అమెరికాలోని మినెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ నగరంలో జరిగిన మాట ఇది. బిడ్డ కాన్పుకని మా ఇంటావిడ పోతుంటే ఆమె వెంట నేనూ పోయాను. ఈ మనిషిని ఇంట్లో కూర్చోబెడితే మతి పోతుందని అల్లుడికి రెండో వారంలోనే అర్థమైనట్టుంది. "మామా, మీరు భూముల మనిషి గదా, ఒకచోటికి పోదాం పదండి" అని ఓ శనివారం కారెక్కించాడు. అక్కడ రోండో అనే వాడ పేరిట ఏటా జరిగే జాతర అది. 1983 నుంచి చేస్తున్నారట. బ్యాండు మేళాలు, కాల్చిన మాంసం వాసన, చెట్టుకింద కుర్చీలేసుకున్న ముసలివాళ్ళు. మన ఊరి బోనాలకు వలసపోయినోళ్ళంతా తిరిగొచ్చినట్టుంది. ఒక బల్ల మీద పాత పటాలు పరిచి ఉన్నాయి. పటం కనబడితే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ బల్ల వెనక కూర్చున్న నల్లజాతి పెద్దావిడే ఆ మాట అడిగింది.

బోధన్ వేరు, భూదాన్ వేరు, మాది చక్కెర ఊరు, వినోబా భూమి అడిగిన పోచంపల్లి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైనే అని చెప్పించాను. ఆమె నవ్వి, పటం మీద ఒక చిన్న గడిని వేలితో చూపించి, ఈ ఇంటి కింది నేల అమ్మకానికి రాకుండా కట్టిన లెక్కలో మీ వినోబా మాట ఒకటి ఉంది అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను రెవెన్యూ సర్వేలో 33 ఏళ్ళు గొలుసు లాగినవాణ్ణి. తెలంగాణ మట్టిలో పుట్టిన ఒక మాట సముద్రాలు దాటి ఎక్కడెక్కడ తిరిగిందో ఒక పరాయి మనిషి చెబితేగాని నాకు తెలియలేదు.

మా గొలుసు పొడవు కూడా 33 అడుగులే. దాన్ని పదహారు అణాలుగా లెక్కేస్తాం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. అలాంటివి 40 అయితే ఎకరం. చైన్‌మన్ ఒక కొస పట్టుకుని పోతుంటే ఇంకో కొస దగ్గర నిలబడి టిప్పన్ చూసుకోవడం నా పని. టిప్పన్ అంటే ఒక్కో సర్వే నంబరుకు గీసిన పాత పటం. సేత్వార్‌లో విస్తీర్ణం, టిప్పన్‌లో ఆకారం, పహాణీలో ఆ ఏడు ఎవరు దున్నుతున్నారన్నది. ఈ మూడూ ఒకేమాట చెప్పిన భూమి నా నౌకరీ మొత్తంలో ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టి చెప్పొచ్చు.

బోధన్ భూమి సంగతి అర్థం కావాలంటే మొదట కాలువ సంగతి తెలియాలి. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయకట్టు 2 లక్షల 75 వేల ఎకరాలన్నారు. నీళ్ళ కింద పోయిన ఊళ్ళు నలభై దాకా. కాలువ వచ్చిన ఆరేళ్ళకు, 1937లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని పక్కన లేచిన బస్తీకి పేరే శక్కర్‌నగర్. మరుసటి ఏడు జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పట్టా పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా బడిలో పంతులు చెప్పేవాడు, మేమూ ఛాతీ ఉబ్బించి వినేవాళ్ళం. సీజన్‌లో రాత్రంతా క్రషింగ్ మోత. మొలాసిస్ వాసన పెళ్ళిబట్టల దాకా ఎక్కేది.

కాలువతో మెట్ట చెల్క నీటి తరి అయింది. నీళ్ళు పారే నేలకు ధర ఎక్కింది. ఇక్కడి పాత రైతుకు ఆ నీళ్ళతో ఏం చేయాలో తెలిసేలోపు కృష్ణా గోదావరి డెల్టాలో నీటి సాగు ఎరిగిన రైతులు వచ్చారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చేవని వాళ్ళ పిల్లలే నాతో అన్నారు. వాళ్ళు దిగినచోటల్లా ఒక క్యాంపు. వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ ఇప్పటికీ ఊళ్ళ పేర్లలో ఆ క్యాంపు అనే మాట ఉంది. వాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. రాళ్ళు ఏరి, గట్లు కట్టి, ఒళ్ళు హూనం చేసుకుని సాగు చేశారు. నేను చెప్పేది భూమి ఎటు నడిచిందన్నది. నీళ్ళు పైనుంచి కిందికి పారితే భూమి కిందివాడి నుంచి పైవాడికి పారింది.

ఆ కిందివాడికీ కింద మాదిగవాడ, మాలవాడ. వాళ్ళ పేర భూమే లేదు. జీతానికి ఉండేవాళ్ళు. ఊరి పశువులు మేసే గైరాన్, బంచరాయి, చెరువు షికం అంచున మిగిలిన బీడు, ఇవే వాళ్ళకు సర్కారు ఇచ్చిన పట్టాల్లోకి వచ్చినవి. మావైపు వాటిని లావాణి పట్టాలంటాం. పట్టా చేతికొచ్చేనాటికి ఆ నేల ఎందుకూ పనికిరానిది. పదేళ్ళు పోయాక కాలువ పిల్లదారి ఒకటి పక్కనుంచి వచ్చిందనుకోండి, అప్పుడు దాని మీద అందరి కళ్ళు పడేవి.

1958లో లావాణి భూములు అమ్మకూడదన్న షరతు పెట్టారు. అంతకు ముందువాటికి ఆ షరతు లేదని కోర్టుల్లో వకీళ్ళు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. 1977లో ఏకంగా చట్టమే తెచ్చారు, అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. పేదవాడి నుంచి కొన్నది చెల్లదు, తహసీల్దారు ఆ భూమి వెనక్కి తీసుకుని మొదటివాడికి ఇవ్వాలి. మంచి చట్టమే. చట్టం కాగితం మీద ఉంది, భూమి చేనులో ఉంది. మా ఆఫీసుల్లో ఉర్దూలో ఒక నానుడి తిరుగుతుంటుంది, కబ్జా సచ్చా, దావా ఝూఠా అని. భూమి ఎవడి కింద ఉందో వాడిదే నిజం, మిగతాదంతా అబద్ధం అని.

ఒక సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను. తొంభైల మధ్యలో అనుకోండి. నిజాంసాగర్ కాలువ చివరి ఊళ్ళలో ఒకచోట కొలతకు పోయాను. దరఖాస్తు పెట్టుకున్నది ఒక మాదిగ అవ్వ. రేకు సందుగ తెచ్చి నా ముందు తెరిచింది. అందులో ఒక పట్టుచీర, కొడుకు బడి ఫోటో, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతల పట్టా. మడతల దగ్గర కాగితం పీచులు లేచి, అక్షరాలు రెండుగా చీలాయి. 2 ఎకరాల 10 గుంటలు. మొగుడి పేర.

చేనుకు పోయేసరికి నిలువెత్తు చెరుకు. కార్శి తోట, మూడో కోతకు వచ్చినట్టుంది. చెరుకులో గొలుసు లాగడమంటే తెలిసినవాళ్ళకే తెలుసు. ఆకు అంచు రంపంలా కోస్తుంది. చేతుల మీద ఎర్రని గీతలు, చెమట పడితే మంట. నాలుగు మూలల్లో మూడు హద్దు కడీలు దొరికాయి. నాలుగోది పీకి గట్టు మీద బట్టలుతికే బండగా వేసుకున్నారు. దాని మీది గుర్తు ఇంకా కనబడుతూనే ఉంది. అవ్వ దాన్ని కాలితో తట్టి, "గిది మాదే సారూ" అంది.

చెరుకు వేసిన రైతు వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. పట్నం నుంచి కూల్‌డ్రింకు తెప్పించాడు కూడా. అతని దగ్గరా ఒక కాగితం ఉంది. సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషను లేకుండా ఉత్త కాగితం మీద రాసుకున్న అమ్మకం. అవ్వ మొగుడి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, బిడ్డ పెళ్ళికని రాసిన మొత్తం. "గుంజుకోలేదు సారూ, పైసలిచ్చి తీసుకున్న. ఆల్ల ఆపదకు నేను అక్కరకొచ్చిన" అన్నాడు. అదీ అబద్ధం కాదు. చెరుకుకు పెట్టుబడి పెట్టి బిల్లు చేతికొచ్చేదాకా ఏడాది పైనే ఆగాలి. రెండెకరాలవాడు ఏడాది ఎట్లా ఆగుతాడు? కౌలుకిస్తాడు. కౌలు పైసలు ముందే తింటాడు. తర్వాత అదే రైతు దగ్గర అప్పు. ఆ తర్వాత వేలిముద్ర. వీళ్ళలో ఎవడూ దొంగ కాకుండానే భూమి చేతులు మారిపోతుంది. ఇది నేను ఒక్క ఊళ్ళోనే చూసింది కాదు.

నేను పంచనామాలో ఏం రాశాను? హద్దులు చూపాను, కబ్జా ఫలానా వారిది అని రాసి సంతకం పెట్టాను. చట్టప్రకారం ఇది నిషేధ బదలాయింపు అని ఒక వాక్యం చేర్చడం నా పని కాదని నాకు నేను చెప్పుకున్నాను. సర్వేయరు పని కొలవడమే గదా. ఆ కూల్‌డ్రింకు తాగానా లేదా అన్నది గుర్తు లేదు. తాగే ఉంటాను, ఎండ బాగా ఉంది.

ఇక పోచంపల్లికి వస్తాను. 1951 ఏప్రిల్. పోలీసు చర్య అయి రెండున్నరేళ్ళు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో పగలు పోలీసులు, రాత్రి కమ్యూనిస్టు దళాలు. హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా వైపు నుంచి నడిచే వచ్చాడు. అది ముగిశాక తెలంగాణ పల్లెల్లోకి నడక పట్టాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు ఆయన ముందు కూర్చుని తమకు 80 ఎకరాలు కావాలన్నాయి, సగం తరి, సగం చెల్క. సర్కారుకు రాస్తాను గాని, మీ ఊళ్ళోనే ఎవరైనా ఇస్తారా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వందెకరాలు ఇస్తానన్నాడు. ఇదంతా బడిపిల్లలకూ తెలిసిన కథే. మనవాళ్ళు ఈ కథను అక్కడే ఆపేస్తారు. ఒక మంచి దొర, ఒక మంచి సాధువు, వందెకరాలు.

ఆ తర్వాతి అధ్యాయమే అసలు సంగతి. దానంగా వచ్చిన ముక్కలు ముక్కలుగా పంచితే నిలవవని వినోబాకు తొందరలోనే అర్థమైంది. దేశమంతా కలిపి 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చినా అందులో రాళ్ళూ, దావాలో ఉన్నవీ ఎన్ని ఉన్నాయో మా శాఖవాళ్ళను అడిగితే చెబుతారు. ఇచ్చేవాడు మంచి ముక్క ఇస్తాడా? పంచిన మంచి ముక్క మాత్రం లావాణి పట్టాల దారే పట్టింది. అందుకే 1952 నుంచి మాట మారింది, భూదాన్ కాదు, గ్రామదాన్. ఊళ్ళో భూమి హక్కు మొత్తం గ్రామసభ పేర ఉంటుంది. దున్నుకునే హక్కు కుటుంబానిది, పిల్లలకూ వస్తుంది. అమ్మడానికి మాత్రం అది నీది కాదు. ఉత్తరప్రదేశ్‌లో మంగ్రోత్ మొదటి ఊరు, ఆ తర్వాత ఒడిశాలో కోరాపుట్ వైపు ఎక్కువగా సాగింది. మనకూ 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన్, గ్రామదాన్ చట్టమే వచ్చింది. 33 ఏళ్ళ నౌకరీలో ఆ చట్టం పేరులోని మొదటి సగం గురించి ఫైళ్ళు బోలెడు చూశాను. రెండో సగం గురించి ఒక్క ఫైలూ నా బల్ల మీదికి రాలేదు.

ఆ రెండో సగమే అమెరికా పోయింది.

ఎట్లా పోయిందన్నది ఆ పెద్దావిడ చెప్పినది కొంత, అల్లుడు ఇంటికొచ్చాక చదివి వినిపించింది కొంత. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చి వినోబాను కలిశాడు. అది పెద్దవాళ్ళ కలయిక. పని మాత్రం బాబ్ స్వాన్ అనే ఒక వడ్రంగి మేస్త్రీ చేతుల మీదుగా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకు పోయిన మనిషి. దక్షిణాన నల్లవాళ్ళ చర్చిలు తగలబెడితే తిరిగి కట్టించడానికి పోయాడు. గ్రామదాన్ గురించి తెలుసుకుని దాన్ని అమెరికా చట్టంలో ఇమిడేలా ఎట్లా మలచాలా అని ఆలోచిస్తుండేవాడు. జార్జియా రాష్ట్రం ఆల్బనీ పట్నంలో స్లేటర్ కింగ్ అనే నల్లజాతి నాయకుడికీ అదే దిగులు. అక్కడ నల్లవాళ్ళు ఓటు నమోదు చేసుకుంటే చాలు, తెల్ల భూస్వామి పాలు మీద ఇచ్చిన చేను లాక్కుని గుడిసె ఖాళీ చేయించేవాడు. కాళ్ళ కింద సొంత నేల లేకపోతే ఓటు హక్కు కూడా నిలవదు. 1968లో వీళ్ళు కొందరు ఇజ్రాయెల్ పోయి, అక్కడ భూమి ఉమ్మడి సంస్థ పేర ఉంచి కుటుంబాలకు లీజుకిచ్చే పద్ధతి కళ్ళారా చూసి వచ్చారు. స్లేటర్ కింగ్ మరుసటి ఏడే కారు ప్రమాదంలో పోయాడు. చార్లెస్ షెరాడ్, ఆయన భార్య షిర్లీ, ఇంకొందరు కలిసి ముందుకు నడిపారు. లీ కౌంటీలో 5,700 ఎకరాలు కొన్నారు. పేరు న్యూ కమ్యూనిటీస్. అప్పటికి దేశంలో నల్లవాళ్ళ చేతిలో ఉన్న భూముల్లో ఒకేచోట అంత పెద్దది ఇంకొకటి లేదంటారు.

5,700 ఎకరాలంటే నా లెక్కలో మావైపు రెండు మూడు ఊళ్ళ శివారు. వేరుశనగ, మక్క, ద్రాక్ష వేశారు, పందులు పెంచారు. కేంద్రం ఇస్తానన్న డబ్బుకు రాష్ట్ర గవర్నరు అడ్డుపడ్డాడు. అయినా పదిహేనేళ్ళు నడిపారు. దానికి తోడు వరుసగా కరువు. చుట్టూ ఉన్న తెల్ల రైతులకు సర్కారీ కరువు రుణాలు దొరికాయి. వీళ్ళకు ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి ఇచ్చారు, అదీ చాలనంత. 1985లో తాకట్టు కింద భూమి మొత్తం పోయింది. అదీ చెప్పాలి. ఉమ్మడి పేర ఉన్నంత మాత్రాన భూమి పోదని నేను చెప్పను. తాకట్టు పెట్టిన భూమి ఉమ్మడిదైనా, ఒంటరిదైనా అప్పిచ్చినవాడికి ఒకటే. వివక్ష మీద నల్ల రైతులు వేసిన దావాలో 2009లో న్యూ కమ్యూనిటీస్‌కు కోటీ ఇరవై లక్షల డాలర్లు పరిహారం వచ్చింది. దాంతో 2011లో 1,638 ఎకరాల తోట కొన్నారు. ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన భూస్వామి తోటే అది. చార్లెస్ షెరాడ్ 2022లో చనిపోయాడు.

పల్లె భూమి కోసం కట్టిన ఆ పద్ధతిని తర్వాత పట్నాలు అందుకున్నాయి. రోండో అట్లాంటిదే. సెయింట్ పాల్‌లో నల్లవాళ్ళ వాడ, దుకాణాలు, చర్చిలు, క్షౌరశాలలు, ఇరుగుపొరుగు. 1956 నుంచి 1968 దాకా 94వ నంబరు హైవే వేశారు. సరిగ్గా ఆ వాడ నడుమ నుంచి. 600కు పైగా కుటుంబాలు ఇళ్ళు కోల్పోయాయి. ఇంకో దారిలో, రైలు పట్టాల పక్కన ఖాళీ నేల మీదుగా వేయొచ్చని అప్పట్లోనే ఒక ఇంజనీరు చెప్పాడట. వినలేదు.  భూసేకరణలో నేను నేర్చుకున్నదీ అదే. పటం మీద గీత ఎటు వంగిందో చూస్తే ఆ ఊళ్ళో ఎవరికి నోరుందో తెలుస్తుంది.

మా అమ్మ పుట్టిన ఊరు పోచంపాడు నీళ్ళలో పోయింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఊరబావి ఒర, కొన్ని గోడల మొదళ్ళు తేలేవి. అమ్మను తీసుకుపోతే ఏది ఎవరి ఇల్లో చేతి కర్రతో చూపించేది. కొత్త ఊరు మిట్ట మీద కట్టారు. నేను నౌకరీలో చేరాక దాని లేఅవుట్ పటం తీసి చూశాను. పాత ఊళ్ళో మాదిగవాడ ఊరికి ఏ దిక్కున ఎంత ఎడంగా ఉండేదో, కొత్త పటంలోనూ అదే దిక్కున, అంతే ఎడంగా గీశారు. నీళ్ళు ఊరంతటినీ ఒక్కలాగే ముంచాయి. లేపి కట్టిన చెయ్యి మాత్రం ఏదీ మరిచిపోలేదు. చేను పేర లేనివాళ్ళకు చేనుకు పరిహారమూ లేదు.

రోండోలో మిగిలినవాళ్ళు 1993లో ఒక ల్యాండ్ ట్రస్టు పెట్టుకున్నారు. భూమి ట్రస్టు పేర, ఇల్లు కుటుంబం పేర. నేలకు 99 ఏళ్ళ లీజు. ఇల్లు అమ్ముకోవచ్చు, కానీ ట్రస్టుతో ముందే రాసుకున్న లెక్క ప్రకారం, మళ్ళీ తక్కువ రాబడివాడికే అమ్మాలి. నేల విలువ ఎంత పెరిగినా దాన్ని మూటగట్టుకుని పోయే హక్కు ఎవరికీ లేదు. ఆ పెద్దావిడ ఉండేది అలాంటి ఇంట్లోనే. మేం చిన్నప్పుడున్న ఇల్లు ఇప్పుడు ఆ రోడ్డు మీద గాలిలో ఉంటుంది అంది. హైవే కిందికి తవ్వి వేశారు గదా, పాత ఇంటి గడప ఎత్తున ఇప్పుడు ఉత్త గాలే. 2015లో నగర మేయరూ, రవాణా శాఖవాళ్ళూ రోండోకు బాహాటంగా క్షమాపణ చెప్పారట. "క్షమాపణ మీద ఇల్లు కట్టలేం గదా" అని అల్లుడితో చెప్పించబోయాను, మర్యాద కాదని వాడు చెప్పలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం బోస్టన్ సంగతి. అక్కడ రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీట్ అనే పేట. నల్లవాళ్ళూ, కేప్ వెర్డే నుంచి వచ్చినవాళ్ళూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళూ ఉండేవారు. బ్యాంకులు అప్పులివ్వక, ఇళ్ళ యజమానులు బీమా డబ్బుకు ఇళ్ళు తగలబెట్టుకుని, 1300 ఖాళీ స్థలాలు మిగిలాయి. ఊరందరి చెత్తా అక్కడే పడేసేవాళ్ళు. 1984లో పేటవాళ్ళు సంఘం కట్టారు, మొదట చెత్త మీద కొట్లాడారు. 1988లో నగరం వాళ్ళ సంఘానికి ఆ పేటలోని ఖాళీ స్థలాల మీద భూసేకరణ అధికారం ఇచ్చింది. మళ్ళీ చదవండి. భూసేకరణ అధికారం, పేదల సంఘానికి. మనకు 1894 నాటి చట్టం కింద నేను ఎన్ని ఎకరాలు కొలిచానో. ప్రతిసారీ ఆ చట్టం పేదవాడి మీద పోయిన కత్తే. కత్తి పిడి పేదవాడి చేతికి ఇవ్వొచ్చునన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. ఆ స్థలాలు సేకరించి, ట్రస్టు పేర పెట్టి, వాటి మీద ఇళ్ళు, తోటలు, పిల్లలు ఆడుకునే జాగాలు వేసుకున్నారు.

ఇంటికొచ్చాక ఇదంతా మా టౌనులో పాత దోస్తుకు చెప్పాను. రిటైరైన లెక్చరరు, మాలవాడ నుంచి చదువుకుని పైకొచ్చినవాడు. చాయ్ తాగుతూ అంతా విని, "బాగానే ఉంది భాయ్, గని ఊరి పేర భూమి అంటే నాకు భయమైతది" అన్నాడు. "ఊరంటే ఎవలు? చావడి కాడ కూసునెటోళ్ళు. మా తాత బాయిల నీళ్ళు తోడుకోనియ్యని ఊరు, మా భూమికి కావలుంటదా?" అంబేడ్కర్ పల్లెను ఎందుకు నమ్మలేదో నాకు రెండు ముక్కల్లో చెప్పాడు. గ్రామదాన్‌లో ఉన్న పెద్ద లోపం అదేనని ఇప్పుడు నాకూ అనిపిస్తుంది. వినోబా ఊరిని ఒక కుటుంబం అనుకున్నాడు. జార్జియా నల్లవాళ్ళు ఆ భ్రమ పెట్టుకోలేదు. వాళ్ళు ఉమ్మడి పేరన్న మాట తీసుకున్నారు, ఊరన్న మాట వదిలేశారు. నిలువ నీడ పోయినవాళ్ళదే సంఘం, వాళ్ళదే భూమి.

అట్లాంటిది మన దగ్గర లేదా అంటే, దగ్గర్లోనే ఉంది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తోంది. దాన్ని నడిపించిన పీ.వీ. సతీశ్ చివరిదాకా, అంటే 2023 దాకా, అక్కడే ఉన్నాడు. దళిత ఆడవాళ్ళు ఊరూరా సంఘం కట్టి, బీళ్ళను కలిసి కౌలుకు పట్టి, కలిసి దున్నారు. పడావు పడ్డ లావాణి చేలల్లో జొన్న, కొర్ర, కంది మళ్ళీ మొలిచాయి. సంఘం గింజ సంఘానికే అప్పుగా పోయి తిరిగొచ్చింది. అదీ చెరుకు పండే జిల్లాయే. కానీ వాళ్ళు చెరుకు జోలికి పోలేదు. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. జొన్నకు నాలుగు నెలలు చాలు, ఏడాది ఆగే పని లేదు. ఇంట్లో తినడానికీ పనికొస్తుంది. వేలిముద్ర దాకా పోయే దారిని మొదట్లోనే మూసేశారు.

మా బోధన్‌లో మాత్రం ఉమ్మడి అన్న మాట ఆలస్యంగా, అదీ పైనుంచి వచ్చింది. ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పజెప్పారు. 2015లో, మహారాష్ట్రలో లాగా రైతుల సహకార సంఘానికి ఇద్దామన్న మాట నడిచింది. అప్పులతో, తుప్పుతో ఉన్నదాన్ని మా నెత్తిన పెడతారా అని రైతులు జంకారు. ఆ డిసెంబరులోనే అది మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఇప్పుడు గోడల్లోంచి రావిచెట్లు లేచాయి. 2014లో భూమి లేని దళిత ఆడవాళ్ళకు మూడెకరాలన్న పథకం వచ్చినప్పుడు రిటైరయ్యే ముందు నేనూ కొన్ని ముక్కలు కొలిచాను. ఆడవాళ్ళ పేర పట్టా రావడం నా కళ్ళకు పండుగే. కానీ మళ్ళీ ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం. వాటిని కలిపి ఒక సంఘం పేర ఎందుకు రాయకూడదని మీటింగులో అడిగితే, ఫారంలో ఆ గడి లేదన్నారు.

ఈమధ్య, మొన్నటి యాసంగిలో, మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, నిజామాబాద్‌లో ఆటో నడుపుతాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. మడతలు చూడగానే పోల్చుకున్నాను. ఆ అవ్వ మనవడు. అవ్వ పోయి పన్నెండేళ్ళయిందట. చెరుకు పెట్టిన రైతు కొడుకులు హైదరాబాదులో స్థిరపడ్డారు, ఫ్యాక్టరీ పోయాక ఆ చేను పడావు పడింది. తహసీల్ ఆఫీసులో తిరిగి తిరిగి భూమి వాపసు ఆర్డరు సంపాదించుకున్నాడు. హద్దులు చూపమని వచ్చాడు. రిటైరైనవాడి కొలతకు విలువ లేదని చెప్పినా, "నువ్వు అప్పుడొచ్చినవంట గదా తాతా" అన్నాడు. పోక తప్పలేదు.

ఈసారి గొలుసు లేదు, టేపు. మూడు కడీలూ అక్కడే ఉన్నాయి. నాలుగోది గట్టు మీద బండగానే ఉంది, సబ్బు నురగకు నున్నగా అరిగిపోయి. ఇద్దరం కలిసి గడ్డపారతో లేపి, టిప్పన్ చూసి దాని మూలకు దొర్లించుకుంటూ తీసుకుపోయి పాతాం. కాళ్ళు చేతులు కడుక్కుంటుంటే లెక్క చెప్పాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిపి ఐదుగురు. 90 గుంటలు. తలా 18. "పద్దెనిమిది గుంటల్ల ఏమేస్తం తాతా? మా చిన్నబావ అప్పుడే నా వాటా అమ్ముతనంటున్నడు. అమ్మరాదు గదా అంటే, సాదా కాగితం మీద రాసిస్త అంటడు."

ఐదుగురూ కలిసి సంఘం పెట్టుకుని, వాడలో ఇట్లాగే వాపసు వచ్చినవాళ్ళు ఇంకో నలుగురు ఉంటే వాళ్ళనూ కలుపుకుని, చేను మొత్తం ఆ సంఘం కింద ఉంచుకుంటే ఎట్లుంటుందని రోండో సంగతి, పస్తాపూర్ సంగతి నాకొచ్చినట్టు చెప్పాను. గట్టు మీద గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. తల ఊపాడు. లేచి ప్యాంటుకంటిన మట్టి దులుపుకుంటూ అడిగాడు.

"గట్ల సంఘం పేర ఉంటే బోరు ఏసుకునెతందుకు బ్యాంకోడు లోనిస్తడా తాతా?"

ఆ పట్టా మీద బ్యాంకు ఇంతకు ముందు ఏనాడైనా అప్పిచ్చిందా అని అడిగాను. లేదన్నాడు. జార్జియావాళ్ళ 5,700 ఎకరాలు తాకట్టులో పోయిన సంగతి అప్పుడు మొదలుపెట్టాను. అప్పటికే పొద్దు గూకుతోంది, ఆటో గిరాకీకి వేళయిందని తొందర పెట్టాడు. మిగతాది దారిలో చెప్పు తాతా అని బండి స్టార్టు చేశాడు.